సరైన జవాబు, తప్పు దారి: ఓర్కాల జనాభా లెక్కల డైరీ

అమెరికాలో సియాటిల్‌కు ఉత్తరాన సేలిష్ సముద్రంలో తిరిగే, సదరన్ రెసిడెంట్లని పిలిచే ఓర్కాల (కిల్లర్ వేల్స్) జనాభాకు ఇంట్లో కూర్చుని ఒక మోడల్ కట్టబోయాను. అందులో చేసిన తప్పుల చిట్టా ఇది. ఈ పనికి దిగే మరొకరికి నా నాలుగు నెలల్లో కనీసం రెండు నెలలు మిగలాలని రాస్తున్నాను. నేను జీవశాస్త్రం చదువుకోలేదు. బెల్వ్యూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాను. కాబట్టి లెక్కల్లో తప్పులు కొన్నే, జంతువుల విషయంలో తప్పులు చాలా.

వాడిన సామాను:

1. ల్యాప్‌టాప్, ఎక్సెల్, ఆర్ భాష.
2. 24 మెగాపిక్సెల్ కెమెరా (సొంతం), 400 మిల్లీమీటర్ల లెన్సు (అద్దె).
3. సెంటర్ ఫర్ వేల్ రీసెర్చ్ సంస్థ ఏటా ప్రకటించే జులై 1 నాటి లెక్కలు, పుట్టుకల, మరణాల వివరాలు.
4. సొలాంజ్ బ్రో, హాల్ కాస్వెల్ 1993లో ప్రచురించిన జనాభా మాత్రిక (మ్యాట్రిక్స్, ఈ ఏటి జనాభా నుంచి వచ్చే ఏటిది కట్టే అంకెల పట్టిక). ఆర్‌లో పాప్‌బయో ప్యాకేజీ వేసుకుంటే అది వేల్ అనే పేరుతో సిద్ధంగా దొరుకుతుంది. నేను చేత్తో ఎక్కించాను. ఎందుకు ఎక్కించానా అని తర్వాత ఏడ్చాను.

దశ 1: ఒడ్డు మీద కెమెరా (వదిలేశాను)

ఈ జంతువులను తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టరు, గుర్తుపడతారు. 1970ల మొదట్లో కెనడాకు చెందిన మైకేల్ బిగ్, ఆయన సహచరులు ఒక సంగతి పట్టుకున్నారు. ప్రతి ఓర్కా వీపు రెక్క మీద గాట్లు, రెక్క వెనక బూడిద రంగు జీను మచ్చ వేరువేరుగా ఉంటాయి. ఫోటో ఉంటే ఫలానాది అని చెప్పేయవచ్చు. సదరన్ రెసిడెంట్లకు 1976 నుంచి ఏటా ఇలా ఒక్కొక్కదాని పేరూ పిలిచి హాజరు వేస్తున్నారు. నేనూ కొన్నిటిని సొంతంగా గుర్తుపట్టాలనుకున్నాను.

పడవలో వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం పడవలు ఈ ఓర్కాలకు 1,000 గజాల దూరంలో ఉండాలి. శాన్ వాన్ దీవిలో లైమ్ కిల్న్ దీపస్తంభం దగ్గర రాళ్ల మీద కూర్చుంటే అవే ఒక్కోసారి దగ్గరగా వస్తాయి.

ముందుగా కాగితం మీద వేసిన లెక్క:

1. కెమెరా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.9 మైక్రాన్లు.
2. 400 మిల్లీమీటర్ల లెన్సుతో 500 మీటర్ల దూరాన ఒక పిక్సెల్‌లో పట్టేది దాదాపు 4.9 మిల్లీమీటర్లు.
3. రెక్క మీద 5 సెంటీమీటర్ల గాటు 10 పిక్సెళ్లు. 1.8 మీటర్ల మగ రెక్క ఎత్తు 367 పిక్సెళ్లు.

అంటే కాగితం మీద అంతా బాగానే ఉంది. మొదటి రెండు సార్లు ఓర్కాలే రాలేదు. మూడోసారి వచ్చాయి. సెకనులో 250వ వంతు షట్టర్‌తో తీసిన ఫోటోలన్నీ అలుక్కుపోయాయి. తప్పు ఓర్కాదని అనుకున్నాను. కానీ సెకనుకు 3 మీటర్లు ఈదే జంతువు ఆ వ్యవధిలో కదిలేది 12 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర పిక్సెళ్లు. మిగతాదంతా నా చేతి వణుకు. షట్టర్‌ను 1,600వ వంతుకు పెంచి, లెన్సును బియ్యం సంచి మీద పెట్టాక గాట్లు కనిపించాయి. మధ్యాహ్నం తర్వాత ఆ ఒడ్డున సూర్యుడు ఎదురుగా ఉంటాడు. అప్పుడు రెక్క ఆకారం తప్ప జీను మచ్చ కనిపించదు. పొద్దున్నే వెళ్లాలి.

అసలు దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. సదరన్ రెసిడెంట్లు జె, కె, ఎల్ అని మూడు మందలు. జె మందలోవని సంబరంగా రాసుకున్న రెండూ సదరన్ రెసిడెంట్లే కావు. సీళ్లను వేటాడి తినే బిగ్స్ ఓర్కాలు. రెసిడెంట్లు చేపలు తింటాయి. ఈ రెండు రకాలూ ఒకే నీళ్లలో తిరుగుతూ కూడా కలవవు. రెక్క కొన సూదిగా ఉండి, జీను మచ్చ నిండుగా, ముందుకు జరిగి ఉంటే బిగ్స్ అని అనుమానించాలి. మచ్చలోకి నల్ల చార చొచ్చుకు వచ్చి ఉంటే అది రెసిడెంట్. అన్ని రెసిడెంట్లకూ ఆ చార ఉండదు. నన్ను ముంచింది ఆ మినహాయింపే.

ఇప్పటి వరకు మొత్తం: ప్రయాణాలు 3. రాళ్ల మీద 31 గంటలు. ఫోటోలు 1,140. పనికొచ్చినవి 46. సరిగ్గా గుర్తుపట్టిన సదరన్ రెసిడెంట్లు 0. లెన్సు అద్దె 186 డాలర్లు.

ఇక్కడితో కెమెరా పక్కన పెట్టి, ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నవారి లెక్కలే వాడుకోవాలని నిర్ణయించుకున్నాను.

దశ 2: మాత్రిక, కనిపించకుండా పోయిన అమ్మమ్మలు

బ్రో, కాస్వెల్ మాత్రిక ఆడవాటికి మాత్రమే. నాలుగు మెట్లు: ఏడాది పిల్ల, ఎదిగే పిల్ల, ఈనే వయసుది, ఈనడం ఆగినది. చివరి మెట్టుకు నా షీటులో అమ్మమ్మలు అని పేరు పెట్టాను. 1973 నుంచి 1987 వరకు బిగ్ బృందం సేకరించిన వివరాల నుంచి ఈ అంకెలు తీశారు:

0 | 0.0043 | 0.1132 | 0
0.9775 | 0.9111 | 0 | 0
0 | 0.0736 | 0.9534 | 0
0 | 0 | 0.0452 | 0.9804

చదివే పద్ధతి: నిలువు వరుస ఈ ఏటి మెట్టు, అడ్డు వరుస వచ్చే ఏటి మెట్టు. ఈనే వయసులో ఉన్న 100 ఆడవాటిలో వచ్చే ఏడాదికి 95కు పైగా అక్కడే ఉంటాయి, నాలుగైదు అమ్మమ్మల మెట్టెక్కుతాయి, అవన్నీ కలిసి 11 ఆడపిల్లలను ఇస్తాయి.

నేను అడ్డాన్ని నిలువుగా, నిలువును అడ్డంగా ఎక్కించాను. ఏటా ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే ఐగెన్ విలువ 1.0254 వచ్చింది. ప్రచురించిన జవాబూ అదే. సరిపోయింది అనుకుని 11 రోజులు దాని మీదే గ్రాఫులు కట్టాను. తీరా ఒక గ్రాఫులో అమ్మమ్మల గీత సున్నా మీద పడుకుని ఉంది. ఓర్కాల్లో ఆడవి 40 ఏళ్ల ప్రాంతంలో ఈనడం ఆపి, ఆపైన కొన్ని దశాబ్దాలు బతుకుతాయి. మందను నడిపేది చాలాసార్లు ఆ ముసలివే. అలాంటివి ఒక్కటీ లేని సముద్రాన్ని తయారు చేశాను.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. మాత్రికను అటూ ఇటూ తిరగేసినా ఐగెన్ విలువ మారదు. పెరుగుదల రేటు ఒక్కటే చూస్తే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. అందుకని:

1. ఐగెన్ విలువ 1.0254 రావాలి.
2. చాలా ఏళ్లు నడిపాక నాలుగు మెట్ల మధ్య స్థిరపడిన వాటాలు వరుసగా 3.7, 31.6, 32.3, 32.4 శాతం రావాలి.
3. 27.6, 29.0, 43.4, 0 వస్తే మీరూ నాలాగే తిరగేశారు.

ఇప్పటి వరకు మొత్తం: 74 గంటలు. పారేసిన గ్రాఫులు 19.

దశ 3: నిజం లెక్కతో పోలిక

1995లో సదరన్ రెసిడెంట్లు 98. ఏటా 1.0254 రెట్లు పెరిగితే 2024కు 203 కావాలి. 2024 జులై 1న ఉన్నవి 73: జె మందలో 25, కె మందలో 15, ఎల్ మందలో 33. నా మోడల్ 130 ఓర్కాలను ఎక్కువ చూపిస్తోంది. 98 నుంచి 73కు 29 ఏళ్లలో దిగాలంటే ఏటా 0.9899 రెట్లు, అంటే ఏడాదికి సుమారు ఒక శాతం తగ్గుదల.

దానికంటే చిన్నదే అయినా నన్ను ఎక్కువ వేధించింది మరో తేడా. పుట్టుకలు కలిపి, మరణాలు తీసేసి నేను కట్టిన ఏటి లెక్క, ప్రకటించిన లెక్కతో కొన్ని సంవత్సరాల్లో ఒకటి నుంచి మూడు దాకా తేడా వస్తోంది. సూత్రాలన్నీ నాలుగు సార్లు చూశాను. తప్పు దొరకలేదు.

అప్పుడు నాన్నగారు మా ఇంట్లోనే ఉన్నారు, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. రిటైరైన బడిపంతులు. 1991 జనాభా లెక్కల్లో ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి రాసినవారు. స్క్రీన్ వంక చూసి ఒకటే అడిగారు: "ఒరేయ్, నీ లెక్క ఏ తేదీకి?"

"ఏడాదికి, నాన్నగారూ."

"ఏడాదికి లెక్క ఉండదురా. ఒక రోజుకు ఉంటుంది. మాకు మార్చి 1. ఆ తర్వాత అయిదు రోజులు మళ్లీ గడపగడపకూ తిరిగి, మార్చి 1 తర్వాత పుట్టినవాళ్లను రాయకుండా, ముందు పోయినవాళ్లను కొట్టేసి రావాలి."

అదే తప్పు. వాళ్లది జులై 1 నుంచి జులై 1. నాది జనవరి నుంచి డిసెంబరు. మార్చాక తేడాలు దాదాపు పోయాయి. మిగిలినవాటిలో జె61 ఒకటి. 2024 డిసెంబరులో కనిపించి, కొద్ది రోజుల్లోనే చనిపోయిన ఆడపిల్ల అది. దానికి నంబరు ఉంది కానీ ఏ జులై 1 లెక్కలోనూ అది లేదు. దాని తల్లి జె35 2018 జులైలో ఈనిన పిల్ల పుట్టిన రోజే చనిపోయింది. కళేబరాన్ని ఆ తల్లి 17 రోజులు మోసుకు తిరిగింది. ఆ వార్త ప్రపంచమంతా చదివింది. లెక్కల పట్టికలో మాత్రం ఆ పిల్లకు గడే లేదు.

ఈ దశలో చేసిన మార్పులు:

1. అన్ని తేదీలనూ జులై 1కి మార్చాను.
2. రెండు జులై 1ల మధ్య పుట్టి పోయినవాటిని వేరే షీటులో పెట్టాను. చెరిపేయలేదు. తర్వాత అవే అక్కరకొచ్చాయి.
3. 1970కి ముందు పుట్టినవాటి వయసులు అంచనాలే కాబట్టి అన్నిటినీ ఒకే గుంపు చేశాను. జె2 అనే ముసలిది 1911లో పుట్టిందని చాలాకాలం చెప్పుకున్నారు. జె1 దాని కొడుకు అన్న ఊహ మీద కట్టిన అంచనా అది. జన్యు పరీక్షల్లో ఆ బంధుత్వం నిలవలేదు.
4. మోడల్‌ను 1976 నుంచి కాకుండా 1995 నుంచి మొదలుపెట్టాను. 1960లు, 70ల్లో జలజంతు ప్రదర్శనశాలల కోసం ఈ మందల నుంచి 45కు పైగా ఓర్కాలు పోయాయి. పట్టుకెళ్లినవాటిలో చిన్నవే ఎక్కువ. 1976 నాటి జనాభాకు మధ్యలో పెద్ద బొక్క ఉంది. స్థిరపడిన వాటాలతో ఆ ఏడాది నుంచి మొదలుపెడితే 1980ల తొలి ఏళ్లలో వచ్చిన తగ్గుదల మోడల్‌లో అసలు కనపడదు.

మాయమైనది చనిపోయిందని ఎలా అంటారన్న సందేహం మీకూ రావచ్చు. రెసిడెంట్ ఓర్కాల్లో కొడుకులూ కూతుళ్లూ జీవితాంతం తల్లిని వదలరు. తల్లి పక్కన పదేపదే కనపడకపోతే పోయినట్టే. వలసల గొడవ లేకపోవడం వల్లే ఈ లెక్క ఇంత ఖచ్చితం. ఈ నియమం తప్పినదీ ఉంది. ఎల్98 అనే చిన్న మగది 2001లో మంద నుంచి తప్పిపోయి వాంకూవర్ దీవి పశ్చిమ తీరంలో ఒంటరిగా తేలింది. 2006లో ఒక టగ్ పడవ ప్రొపెల్లర్ తగిలి చనిపోయింది.

ఇప్పటి వరకు మొత్తం: 121 గంటలు. పట్టికలో సరిచేసిన తేదీలు 58.

దశ 4: 69 శాతం ఉచ్చు

పెరుగుదల రేటును 1.0254 నుంచి 0.9899కు దించాలంటే ఏ గడి మార్చాలి? ఒక్కో గడినీ ఒక్కో శాతం తగ్గించి చూశాను. ఈనే వయసు ఆడవి బతికే గడిని ఒక శాతం తగ్గిస్తే రేటు 0.54 శాతం పడింది. కాన్పుల గడిని ఒక శాతం తగ్గిస్తే పడింది 0.04 శాతమే. మరోలా చెప్పాలంటే, పెరుగుదలను సున్నాకు తేవడానికి రెండు దారులు:

1. 0.9534ను 0.9038 చేయాలి. అంటే ఏటా ఈనే వయసు ఆడవి నూటికి మరో ఐదు చావాలి.
2. లేదా 0.1132ను 0.0549 చేయాలి. అంటే కాన్పుల్లో సగానికి పైగా పోవాలి.

నిజానికి ఏటా నూటికి ఐదు చొప్పున తల్లులు అదనంగా పోతున్నట్టు జాబితాలో కనపడదు. కాబట్టి కాన్పుల గడి పట్టుకున్నాను. 0.9899 రావాలంటే అది 0.0374 కావాలి. 0.1132లో 33 శాతం.

ఇక్కడ నా గుండె వేగం పెరిగింది. 2017లో శామ్యూల్ వాసర్ బృందం ప్రచురించిన ఫలితం గుర్తొచ్చింది. పడవ ముందు భాగాన కుక్కను నిలబెట్టి, అది వాసన పట్టిన వైపు వెళ్లి నీటి మీద తేలే ఓర్కాల మలం సేకరించి, అందులోని హార్మోన్లను కొలిచారు. 2008 నుంచి 2014 వరకు తేలిన గర్భాల్లో 69 శాతం నిలవలేదు. నిలిచినవి 31 శాతం. నాకు కావలసినవి 33 శాతం! రెండు రోజులు నేలమీద నడవలేదు. ఇద్దరు స్నేహితులకు గ్రాఫు పంపాను కూడా.

మూడో రోజు నాన్నగారి ప్రశ్న మళ్లీ గుచ్చింది. ఏ తేదీకి? మాత్రికలోని 0.1132 గర్భాల లెక్క కాదు. ఈ జంతువులను ఎక్కువగా చూసేది వేసవిలో, అప్పటికి బతికి ఉన్న పిల్లల లెక్క అది. పోయిన గర్భాలు, పుట్టగానే పోయిన పిల్లలు ఆ అంకెలో ముందే తీసివేసి ఉన్నాయి. జె61 లాంటివి అందులో రావు. ఆ అంకెను మళ్లీ 31 శాతంతో గుణిస్తే ఒకే నష్టాన్ని రెండు సార్లు కోసినట్టు. పైగా నా 33 శాతం 29 ఏళ్ల సగటు, వాసర్ 69 శాతం ఏడేళ్లది. కలిసిన అంకెలకు కలవాల్సిన కారణం లేదు.

స్నేహితులిద్దరికీ మళ్లీ రాశాను. ఒకరు మొదటి ఉత్తరం కూడా తెరవలేదట.

మిగిలిన సంగతి ఇది: కాన్పులు తగ్గాయి, ఎంత తగ్గాయో ఈ మాత్రికతో తేల్చలేను, మరణాలూ కొంత పెరిగాయి. 1990ల చివర 98 నుంచి 80 ప్రాంతానికి పడినది కాన్పుల వల్ల మాత్రమే కాదు. జాన్ ఫోర్డ్ బృందం చూపినట్టు, వీటి ప్రధాన ఆహారమైన చినూక్ సాల్మన్ తగ్గిన ఏళ్లలో మరణాలు పెరిగాయి, అది కూడా ఇంకా ఉత్తరాన తిరిగే రెసిడెంట్లలో, ఈ సదరన్ రెసిడెంట్లలో ఒకేసారి.

ఇప్పటి వరకు మొత్తం: 163 గంటలు. వెనక్కు తీసుకున్న గొప్ప ఆవిష్కరణలు 1.

దశ 5: శాతాలు వదిలి ఒక్కో ఓర్కాకు ఒక్కో వరుస

73 జంతువుల దగ్గర శాతాలు పనిచేయవు. ఒక ఏడాది నాలుగు పిల్లలు పుడితే నాలుగూ మగవి కావడానికి 16లో ఒక వంతు అవకాశం ఉంది. అలా జరిగితే ఆ ఏటి పిల్లల్లోంచి తర్వాత ఒక్క తల్లీ రాదు. సగటు మాత్రికకు ఇది తెలియదు.

జనాభా లెక్కల ఫారంలో ప్రతి మనిషికీ ఒక వరుస, అందులో కుటుంబ పెద్దతో సంబంధం అనే గడి ఉంటాయని నాన్నగారు చెప్పారు. నా కొత్త పట్టిక అదే: నంబరు, తల్లి నంబరు, ఆడ లేక మగ, పుట్టిన ఏడు, పోయిన ఏడు. ఎక్సెల్ ఇక మొరాయించింది, ఆర్‌కు మారాను. 50 ఏళ్లను 10,000 సార్లు నడపడానికి మొదట 47 నిమిషాలు పట్టింది. చనిపోయినవాటిని ప్రతి ఏడాదీ పక్కకు తీసేశాక 6 నిమిషాలు.

తప్పు 1. 30 ఏళ్లు దాటిన మగదానికి తల్లి చనిపోతే మరుసటి ఏడాది చనిపోయే ముప్పు దాదాపు 14 రెట్లని 2012లో ఒక పరిశోధన తేల్చింది. అంత పెద్ద శరీరం తల్లి మీద అంత ఆధారపడుతుంది. నేను ఏడాది ముప్పు 0.07 తీసుకుని 14తో గుణించాను. 0.98. అనాథ కొడుకులందరూ వరసగా పోయారు. అవకాశాన్ని అలా గుణించకూడదు. బతికే అవకాశం 0.93ను 14 సార్లు గుణించి ఒకటి నుంచి తీసేయాలి. 0.64 వస్తుంది.

తప్పు 2. పట్టికలో తల్లి వరుస పైన, కొడుకు వరుస కింద. ప్రోగ్రాం పై నుంచి కిందకు నడుస్తూ తల్లిని చంపిన ఏడాదే కొడుకు ముప్పునూ పెంచింది. పోయిన ఏటి పట్టిక నకలు చూసి నిర్ణయించేలా మార్చాను.

తప్పు 3. దీనికి వారం పట్టింది. 2016 తొలి నెలల తర్వాత, 2019 జనవరిలో ఎల్124 కనపడే దాకా, దాదాపు మూడేళ్లు ఈ జనాభాలో నిలిచిన పిల్ల ఒక్కటీ లేదు. నా మోడల్‌లో ఈనే ఆడవి 22, సగానికి తగ్గించిన కాన్పులతో ఏటా సగటున 2.5 పిల్లలు. మూడేళ్లు వరసగా సున్నా రావడం 10,000 సార్లలో 6 సార్లే జరిగింది. నిజంలో జరిగింది మోడల్‌లో దాదాపు అసంభవం అయితే తప్పు మోడల్‌దే.

తల్లులు ఒక్కొక్కటీ విడివిడిగా నాణెం ఎగరేస్తున్నట్టు రాశాను. చేపలు లేని ఏడాది అందరికీ ఒకేసారి లేదు. మార్పు ఇది:

1. ప్రతి ఏడాదికీ మంచిదా చెడ్డదా అని అందరికీ కలిపి ఒకే చీటీ.
2. మూడింట ఒక వంతు చెడ్డ ఏళ్లు. అప్పుడు సగటు 0.5 పిల్ల.
3. మంచి ఏళ్లలో 3.5. మొత్తం సగటు మారదు, 2.5.

అదే సగటు, కానీ మూడేళ్ల శూన్యం ఈసారి 108 సార్లు వచ్చింది. ఇంకా అరుదే. చెడ్డ ఏళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చేలా రాయాలి, ఇంకా రాయలేదు. ఈ మూడింట ఒక వంతు, 0.5 నా ఊహలే, కొలిచినవి కావు. ఎవరూ వీటిని ఎత్తిచూపి ఓర్కాల భవిష్యత్తు చెప్పవద్దు.

ఇప్పటి వరకు మొత్తం: 228 గంటలు. ఖర్చు 186 డాలర్లు, బియ్యం సంచి కాక. పనిచేస్తున్న షీట్లు 2, పనిచేయనివి 1.

ఆ పనిచేయనిది కె మందది. 2024 జులై 1న ఉన్నవి 15. అక్కడ 2011 తర్వాత మళ్లీ పిల్ల పుట్టింది 2022లో, కె45. మూడు మందల సగటు కాన్పుల రేటు వేస్తే నా కంప్యూటర్ ఆ మందకు ప్రతి రెండు మూడేళ్లకూ ఒక పిల్లను ఇస్తోంది, ఆ 11 ఏళ్లకు కూడా. కె మందకు విడిగా రేటు కట్టడానికి సరిపడా కాన్పులు లేవు. ఆ షీటుకు ఎర్ర రంగు వేసి ఉంచాను. మిగతా రెండు నకలు చేసుకోండి, దాన్ని మాత్రం చేసుకోవద్దు.